దారం కొలిచిన మూత

బాన్సువాడ

అవ్వా, ఇక్కడ మేమిద్దరం బాగున్నాం, వేళకు తింటున్నాం.

అత్తవాళ్ల నుంచి వేరుపడ్డామని కోపంతో నువ్వు ఫోన్ ఎత్తడం లేదు, అందుకే ఈ కార్డు. మా ఇద్దరికి అన్నం వండుకోవడానికని కొన్న చిన్న గంజుకు మూత రాలేదు. గంజు అంచు చుట్టూ దారం తిప్పి, అంతవరకు తెంపి, నీ అల్లుడిని దుకాణానికి పంపాను. ఆయన ఆ దారాన్ని నిలువునా సాగదీసి "గింత వెడల్పు మూత గావాలె" అన్నాడట. చేటంత మూత తెచ్చాడు! అడిగితే, "నువ్విచ్చిన దారమంతనే తెచ్చిన, నా తప్పేంది?" అన్నాడు.

ఆ తర్వాత ఇంట్లో గ్లాసు నుంచి బకెట్ దాకా అన్నీ కొలిచాను. చుట్టుకొలత ప్రతిదానికీ అడ్డం కొలతకు మూడింతలు దాటుతోంది. ఎందుకంటావు? నువ్వు మూతలు జానతో కొలిచేదానివా? గ్లాసెడు బియ్యానికి ఎసరు ఎన్ని వేళ్లు? తమ్ముడి దగ్గు తగ్గిందా? బాపుకు దండాలు చెప్పు.

మూత మాత్రం వాపసు ఇవ్వలేదు. నా పెళ్లిలో మూత పోయిన నీ పెద్ద గంజుకు ఇది సరిపోతుందో లేదో, గంజు పట్టుకొచ్చి నువ్వే చూడు.

నీ బిడ్డ
రోజారాణి