మిజుహో చేతికిచ్చిన కార్డు

అమ్మా, కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి, కంగారుపడకు. తలే ఎత్తుకోలేకపోతున్నాను.

నాగానో వచ్చే బస్సులో మా క్లాసు మిజుహోను, "ఏయ్ ఏడుపుగొట్టూ, మంచు మీద నిన్ను మేమే మోసుకురావాలేమో!" అని ఆటపట్టించాను. అందరూ నవ్వారు. జట్టు నాయకురాలిని కదా, నా నోరు ఊరుకుంటుందా?

మంచు మీద జారే ఈ స్కీయింగులో నాయకురాలు అందరి వెనకా దిగాలి. ఇవాళ కొండ పైన లిఫ్టు దిగి కిందికి చూశానో లేదో, నా కాళ్లు బిగుసుకుపోయాయి. అందరూ జారుకుంటూ వెళ్లిపోయారు. మిజుహో ఒక్కతే వెనక్కి తిరిగి చూసింది. అడ్డంగా అడుగులేసుకుంటూ, ఆయాసపడుతూ మళ్లీ పైకొచ్చింది. "కిందికి చూడకే, నా టోపీ చూడు. పడితే నా మీదే పడతావులే" అంటూ మెల్లగా దింపింది.

సాయంత్రం అందరం కూర్చున్నప్పుడు హగివారా మాస్టారు, "ఇవాళ ధైర్యం చూపిందెవరర్రా?" అన్నారు. మిజుహో లేచి, "మా చినాత్సు అండీ. అందరూ దిగేదాకా వెనకే ఉంది" అంది. చప్పట్లు మోగాయి. నేను లేచి వంగి నమస్కరించి కూర్చున్నాను. ఆ చప్పట్లు మిజుహోవమ్మా.

తమ్ముడి దగ్గు తగ్గిందా? నా చేపలకు మేత వేస్తున్నాడా? బామ్మ ఇచ్చిన చేతితొడుగులు తడిశాయి, పోలేదు. ఆవిడకు ఇక్కడి ఊరబెట్టిన ఆకుకూర తెస్తాను. ఈ కార్డు నాన్నకూ చూపించు, దాచకు.

కార్డుకు కవరుండదు కదా. అందుకే పోస్టులో వేయమని దీన్ని మిజుహో చేతికే ఇస్తున్నాను. చదవకుండా ఉండదు. చదవాలి.

తమ్ముడికి ముద్దులు.
నీ చినాత్సు