వెనక గోడ మీది నాచు

అమ్మడూ,

పదింటికి సున్నాలు వేసే అతను వస్తాడు. తలుపు తీసి ఇంటిచుట్టూ గోడలన్నీ చూపించు. నీ కాలేజీ దరఖాస్తుకి ఇవాళ సాయంత్రం ఐదింటితో గడువు సరి. ఫోటో అతికించు, జిగురు కిటికీలో ఉంది. కోర్సు పేరు రాసే గడి ఇంకా ఖాళీగానే ఉంది. అది నేను నింపను.

దరఖాస్తుతో పంపడానికి నువ్వు రాసిన వ్యాసాలు రెండూ నిన్న బస్సులో దిద్దాను. లెక్కల మీద రాసిన పేజీలో ఒక్క తప్పూ లేదు. పరీక్షలో లెక్కలకి తొంభై ఏడు మార్కులు ఊరికే రాలేదు. చదువుతుంటే నాకు రెండుసార్లు కునుకు పట్టింది. మన వెనక గోడ నాచు మీద రాసినవి నాలుగు పేజీలు. మొదటి పేజీలోనే పదకొండు తప్పులు. వృక్షశాస్త్రంలో యాభై ఎనిమిది కూడా ఊరికే రాలేదు.

"నాచు కూడు పెడుతుందా?" అంటోంది మీ అమ్మ. ఆవిడ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం లెక్కల పేజీ పారేయకు. నాచు నెలకి ఎంత పాకిందో పట్టిక వేశావు కదా, అందులో ఉన్నవీ ఆ లెక్కలే. రెండూ కలిపి ఒకే వ్యాసంగా రాయి.

రెండో పేజీ నుంచి నా ఎర్ర సిరా కనపడదు. తప్పుల్లేవని మురిసిపోకు. దిద్దడం మర్చిపోయి చదువుకుంటూ పోయాను. ప్రెస్సు దాటి మూడు స్టాపుల అవతల దిగాను. ఇరవై ఆరేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను, ఇలా ఎప్పుడూ జరగలేదు. ఎవరికీ చెప్పకు.

నాన్న

సున్నాలతన్ని వెనక గోడ జోలికి వెళ్లొద్దను.