సెల్లార్‌లో మూడు ఫోన్లు

ఛత్తా బజార్,
హైదరాబాద్.
బుధవారం

చిరంజీవి వీణకు,

బాపు ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. ఇంట్లో ఉన్నది నేనొక్కడినే. నేను క్షేమం. నువ్వూ, నీ బ్యారక్‌లోని మిగతా పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం శనివారం చేరింది. ట్రైనింగ్ సెంటర్‌లో ఆదివారం అరగంట మాత్రమే ఫోను ఇస్తారు, ఆ అరగంటలో ఏడుపు తప్ప మాట రావడం లేదు, అందుకే కాగితం మీద రాస్తున్నానన్నావు. మంచిదే. నాకూ ఫోనులో మాటలు దొరకవు.

నువ్వు మూడు సంగతులు అడిగావు. వేళకు తింటున్నానా. కొత్త ఫోను కొన్నానా. పాత ఫోను ఎవరికైనా చూపించి, ఆ రోజు అది ఎందుకు మోగలేదో కనుక్కున్నానా. సెల్లార్‌లో మోగే ఫోను నా చేతిలో లేకపోతే నెలాఖరుకు ట్రైనింగ్ వదిలేసి వచ్చేస్తానని కూడా రాశావు. "అమ్మకు అయినట్టు నీకు అయితే నాకు తెల్వనే తెల్వదు బాపూ" అన్నావు. ఆ వాక్యాన్ని రెండోసారి చదవలేదు.

తింటున్నాను. పొద్దున కింది వాటా మహబూబ్ బీ రెండు రొట్టెలు పంపుతోంది. వద్దంటే వినదు. రాత్రికి నేనే వండుకుంటున్నాను. పప్పు కుదిరింది. చారు ఇంకా కుదరలేదు.

ఇక ఫోను. దీని గురించి వివరంగా రాస్తాను. చూసిన కొద్దీ నాకు ముచ్చటేసింది.

మదీనా చౌరస్తా దాటాక సందులో రుక్సార్ దుకాణం ఉంది. నీ కాలేజీయేనట, నీకంటే రెండేళ్లు ముందు. దుకాణం మన వంటింట్లో సగం ఉంటుంది. బల్ల మీద ఒక భూతద్దం, సన్నటి పట్టకార్లు, దీపం. విప్పిన ఫోనులోంచి తీసిన మరలను తీసిన వరుసలోనే ఒక కాగితం మీద పేరుస్తుంది. ఇరవై ఆరేళ్లుగా పెళ్లి కార్డుల్లో తప్పులు దిద్దుతున్నవాణ్ణి. శ్రద్ధగా పని చేసే మనిషిని చూడగానే గుర్తుపడతాను.

పదిహేను వేల లోపు, ఫైవ్‌జీ ఉండాలి అన్నాను. రెండు తీసి ముందు పెట్టింది. ఒకటి నీలం, ఒకటి నల్లది. ఏది మంచిదని అడిగాను. ఎక్కడ వాడతారని అడిగింది. ప్రెస్సు సెల్లార్‌లో అన్నాను. వెంటనే రెండూ వెనక్కి లాక్కుంది.

"మా నానీ లాడ్ బజార్ల గాజులమ్మేది అంకుల్. చెయ్యి పట్టి చూడకుండ ఒక్క డజను గూడ ఇయ్యలే. జాగా చూడకుండ నేను ఫోన్ ఎట్లిస్త?"

రెండు రోజులు ఇంటికి తీసుకుపొమ్మంది. రెండింట్లోనూ నా ఫోనులో ఉన్న కంపెనీ సిమ్ములే వేసింది. సిమ్ము తేడా ఫోను నెత్తిన పడకూడదట. అడ్వాన్సు ఇవ్వబోతే తీసుకోలేదు. సోమవారం తనే ప్రెస్సుకు వచ్చి పరీక్ష పెడతానంది.

ఆ రెండు రోజులు నాకు బాగా గడిచాయి. చాలా నెలల తర్వాత.

ముందు నల్లదాని సంగతి. పల్చగా, చేతికి చల్లగా ఉంటుంది. తెర మీద అక్షరం అచ్చులో కన్నా స్పష్టం. ఒక కార్డు ప్రూఫు దాంట్లో చూస్తుంటే, పెళ్లికూతురి తండ్రి లక్ష్మయ్య పేరులో మ వత్తు ఎగిరిపోయిన సంగతి పెద్దది చేయకుండానే కనిపించింది. స్నానం చేసి వచ్చేలోపు సగం చార్జింగు ఎక్కింది. మా ప్రెస్సు వాహెద్ సాబ్ ఫొటో తీస్తే ఆయన వయసు పదేళ్లు తగ్గింది. ఆయన దాన్ని వెంటనే ఇంటికి పంపించుకున్నాడు. అంతవరకూ ఫోను ఎవరిదని కూడా అడగలేదు.

నీలంది అంత అందగత్తె కాదు. జేబులో తాళంకప్ప వేసుకున్నట్టు ఉంటుంది. రంగులు కొంచెం వెలిసినట్టు కనిపిస్తాయి. చార్జింగు ఎక్కడానికి దాని తీరిక దానిది. కానీ శనివారం సాయంత్రం నింపితే సోమవారం మధ్యాహ్నానికి కూడా పావు వంతు మిగిలింది. మోగిందంటే అచ్చు మిషన్ మీద మనిషి తలెత్తి చూడాల్సిందే.

ఫైవ్‌జీ వేగం మాత్రం రెండింటిలోనూ ఒకటే. ఇదివరకు పెద్ద డిజైన్ ఫైలు వస్తోందంటే నేను పైకెక్కి, వీధిలో చాయ్ తాగి వచ్చేవాణ్ణి. ఇప్పుడు ప్రెస్సు గడప దగ్గర నిలబడి కళ్లద్దాలు తుడుచుకునేలోపు దిగిపోయింది. చాయ్‌వాడికి నష్టం. ఇంత తక్కువ ధరలో ఇంత పనితనం పెట్టిన వాళ్లెవరో గానీ చేతులెత్తి దండం పెట్టవచ్చు. సీసపు అక్షరాలను చేత్తో పేర్చినవాళ్ల పక్కన పనిచేసినవాణ్ణి, నాకు ఆ మాట అనే హక్కుంది.

మనసు నల్లదాని మీదే పడింది, దాచను. అక్షరం కోసం.

సోమవారం రుక్సార్ వచ్చింది. పద్ధతి ఆమే చెప్పింది. నేను సెల్లార్‌లో నా కుర్చీలో కూర్చోవాలి. ఫోను రోజూ పెట్టే చోటే పెట్టాలి. ఆమె రోడ్డు మీద నిలబడి ఒక్కోదానికి పదిసార్లు చేస్తుంది. మోగితే నేను కాగితం మీద గీత పెట్టాలి. మిషన్ ఆపమని చెప్పబోతే వద్దంది. రోజూ మిషన్ నడుస్తది కదా, నడవనియ్యున్రి అంది. వాహెద్ సాబ్ మెట్ల మీద నిలబడి చూశాడు.

"గోవర్ధన్ సాబ్, షాదీ కార్డులు ఆపి కాల్ సెంటర్ పెట్టిన్రా ఏంది? నాకు గూడ హిస్సా ఇయ్యాలె మరి."

నీలంది పదికి పది. నల్లది ఏడు. మూడుసార్లు అందుబాటులో లేదని చెప్పిందట. నా దిగులు చూసి రుక్సార్ నవ్వింది. "నల్లదానికి జిద్దు ఎక్కువ అంకుల్. ఫైవ్‌జీ మీ సెల్లార్‌లకు సరిగ్గ దిగదు. అయినా ఇది దాన్నే ఎతుకుతుంటది, ఆ ఎతుకులాటల కాల్ పోతది. నీలంది అట్ల కాదు. దొరికిన ఫోర్‌జీ పట్టుకొని కూసుంటది." పైన గడప దగ్గర రెండూ సమానమే, కింద మాత్రం నీలందే అని తేల్చింది. నల్లదాంట్లో తనకు లాభం ఎక్కువని కూడా చెప్పింది. చెప్పి నీలందే ఇచ్చింది.

కాబట్టి కొన్నాను. ఈ ఫోను సెల్లార్‌లో మోగుతుంది. నీ రెండో ప్రశ్నకు జవాబు అది.

మూడో ప్రశ్న. ఇక్కడిదాకా రాసి లేచి ఒకసారి డాబా మీద తిరిగి వచ్చాను.

రుక్సార్ పరీక్ష అక్కడితో ఆగలేదు. పాత ఫోను కూడా బల్ల మీద ఉండింది. దాన్నీ చూద్దామంది. పాతదానికన్నా కొత్తది ఎంత మేలో తెలియాలి కదా అంది. అది అయిదేళ్లది, ఫోర్‌జీది, అవసరం లేదన్నాను. ఆమె అప్పటికే మెట్లెక్కుతోంది.

అది మోగింది. గీత పెట్టాను. మళ్లీ మోగింది. మిషన్ చప్పుడు దానికి అడ్డం రాలేదు. పది గీతలు పెట్టాను.

ఆమె దిగి వచ్చి, పాడైన కార్డు వెనక మూడు అంకెలూ వేసి నా చేతికిచ్చింది. నీలం పది, నల్లది ఏడు, పాతది పది.

"దీనికేం బీమారీ లేదు అంకుల్. మరి కొత్తది ఎందుకు తీస్కుంటున్రు?"

బిడ్డ తీసుకోమంది అన్నాను. ఆ మాట నిజమే, కానీ సగమే నిజం.

వీణా, ఆ రోజు ఫోను మోగింది.

మీ అమ్మకూ నాకూ మధ్య మిస్డ్ కాల్ లెక్క నీకు తెలుసు. ఒక్క రింగు అంటే అన్నం అయింది, రమ్మని. నిమిషానికి ఇంత అని డబ్బు పడే రోజుల్లో మొదలైంది. కాల్స్ ఊరికే వచ్చే రోజులొచ్చినా మానలేదు. నేను తిరిగి చేయకూడదు. ఒకటి రెండుసార్లు చేస్తే, సమజ్ కాలేదా, వచ్చి తిను అని కసిరింది. రోజూ ఒంటిగంటకు ఒక్క రింగు. నేను లేచి, చేతులు కడుక్కుని, నాలుగు సందులు దాటి ఇంటికి వచ్చేవాణ్ణి.

ఆ రోజు ఒక్క రింగు మోగి ఆగింది. గోడ గడియారం చూశాను. పదకొండు నలభై. ఇవాళ తొందరగా వండింది అనుకున్నాను. నా ముందు ఒక కార్డు ఉంది, ముహూర్తం వేళ సరిచూస్తున్నాను. అది పూర్తి చేసి లేద్దామనుకున్నాను. అది పూర్తయ్యేసరికి ఇంకొకటి బల్ల మీదికి వచ్చింది. పన్నెండుంబావుకు మహబూబ్ బీ మీ అమ్మను ఆటోలో పడుకోబెట్టుకుని, ఆస్పత్రికి పోతూ ప్రెస్సు ముందు ఆపించింది. అప్పుడు లేచాను.

చెయ్యి జారి కట్ అయిందో, ఒక్క రింగుకే నేను వస్తానని నమ్మి తనే పెట్టేసిందో తెలియదు. ఆలోచించని రోజు లేదు. అరగంట ముందైతే ఏమయ్యేదని డాక్టరును అడగలేదు. అడగగలిగి ఉండీ అడగలేదు.

ఆస్పత్రి వరండాలో నువ్వు అమ్మ ఫోను తెరిచి, పదకొండు నలభైకి నీకు చేసింది బాపూ, ఎత్తలేదా అన్నావు. కింద సిగ్నల్ ఉండదు అన్నాను. నువ్వు వెంటనే నమ్మావు. పదో రోజుకు వచ్చిన వాళ్లందరికీ నువ్వే చెప్పావు. పాడు ఫోను మా అమ్మను తీసుకుపోయిందన్నావు. నేను పక్కనే కూర్చుని విన్నాను. దిద్దలేదు. జీవితమంతా చేసిన పని అదొక్కటే అయినా.

ఆ అబద్ధం మీద ఇప్పుడు నువ్వు ఉద్యోగం వదిలేస్తానంటున్నావు. అనకపోతే ఇంకా దాచేవాణ్ణే.

ఇవాళ పొద్దున మహబూబ్ బీకి చెప్పాను. రొట్టెల గిన్నె చేతిలోనే పట్టుకుని ఉంది. "బిడ్డకు చెప్పిన్రా?" అంది. లేదన్నాను. "మరి ముందుగల నాకెందుకు చెప్తున్రు భాయ్?" అంది. గిన్నె బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. అప్పుడు ఈ కాగితం తీశాను.

ట్రైనింగ్ వదలకు. నన్ను కాపాడడానికి రానవసరం లేదు. సెల్లార్‌లో సిగ్నల్ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. నా మీద కోపంతో రావాలనిపిస్తే మాత్రం అది నీ హక్కు. కానీ యూనిఫాం వేసుకున్నాక రా. నిలబెట్టి అడుగు. తప్పించుకోను. మీ అమ్మ నువ్వు సెలెక్ట్ అయిన కాగితం చూడలేదు గానీ, నువ్వు పొద్దున్నే పరుగుకు పోతుంటే గేటు దాకా వచ్చి చూసేది. నీకు తెలియకుండా.

ఈ ఉత్తరం నీకు శుక్రవారానికో శనివారానికో అందుతుంది. మర్నాడో, ఆ మర్నాడో నీకు ఫోను ఇస్తారు. నాకు చేయాలని లేకపోతే ఆ అరగంట నీ స్నేహితులతో మాట్లాడుకో. నేనేమీ అనుకోను. మళ్లీ ఆదివారం వరకు ఆగుతాను, ఆ తర్వాతి ఆదివారం వరకూ ఆగుతాను.

చేస్తే మాత్రం ఒక్క రింగుకు పెట్టేయకు. నేను ఎత్తేదాకా ఉండు.

ఇట్లు,
నీ బాపు
గోవర్ధన్