కర్నల్‌ని తీసుకురావద్దు

బ్రిటనీ తీరం, ఫ్రాన్స్
సెప్టెంబర్ 12

ప్రియమైన థెల్మా అక్కకి,

నీ కుక్క కర్నల్ విదేశీ గడ్డ మీద కాలు పెట్టాడు. ఏ అధికారీ వెనక్కి తిప్పి పంపలేదు. రేబిస్ సూది, మెడలో చిప్పు, పశువుల డాక్టరు సంతకాలు, ముద్రలు! నా పెళ్లికి కూడా ఇన్ని కాగితాలు పట్టలేదు. సముద్రం కింది సొరంగం దగ్గర చిప్పు చదివే యంత్రం మెడకి ఆనించినప్పుడు మాత్రం కర్నల్ మీసాలు బిగించి, తన హోదా ఏమిటో వాళ్లకి తెలియదన్నట్టు చూశాడు.

మేం దిగిన చోటు బాగుంది. మా చక్రాల ఇల్లు, ఈ మోటర్ హోమ్ తలుపు తీస్తే ఎదురుగా సముద్రమే. మా ఆయన క్లైవ్ రోడ్డుకి కుడివైపు నడపడం నేర్చుకున్నాడు గానీ, ప్రతి కూడలిలోనూ నా ప్రాణాలు పైకి పోయి కిందికొస్తున్నాయి.

ఇక అసలు సంగతి. వాడు తినడం లేదు. నువ్వు కట్టిచ్చిన తిండి ముట్టలేదు. కోడి ఉడకబెట్టి పెట్టాను, వాసన చూసి వెళ్లిపోయాడు. రోజంతా వెనక కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని, మేం వచ్చిన దారినే చూస్తుంటాడు. రాత్రి నీ ఆకుపచ్చ స్వెటర్‌లో మూతి దూర్చి పడుకుంటాడు. క్లైవ్‌కి కుక్కలంటే ఎంత పడదో నీకు తెలుసు కదా. అలాంటివాడే నిన్న ఇలా అన్నాడు: "వీడు మనతో సెలవుకి రాలేదు ఏవ్రిల్. మనం వీడిని ఎత్తుకొచ్చేశాం అనుకుంటున్నాడు."

నీ తుంటి ఆపరేషన్ ఎలా జరిగింది? ఫోన్ చేద్దామంటే నీ చెవి మిషన్ ఈల వేస్తుందని వద్దంటావు. సరే, ఉత్తరమే రాయి. ఇక్కడ పక్షం రోజులుంటాం. తొందరగా కోలుకో. వాడిని నీకు అప్పగిస్తే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

ప్రేమతో,
నీ చెల్లెలు ఏవ్రిల్


ఫైలీ, యార్క్‌షైర్
సెప్టెంబర్ 18

ప్రియమైన ఏవ్రిల్‌కి,

ఆపరేషన్ అయిపోయింది. కొన్ని వారాలు ఈ విశ్రాంతి గృహంలోనే ఉండమన్నారు. పడమటి వైపు గది, కిటికీ కింద కార్లు నిలిపే చోటు. వచ్చేపోయే వాళ్ల టోపీలు చూస్తూ కాలక్షేపం చేస్తున్నాను. ఇక్కడి నర్సులు నన్ను "బంగారం" అని పిలుస్తారు. పోయిన నా మొగుడు నలభై ఏళ్ల కాపురంలో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

కర్నల్ తినకపోతే బతిమాలకు. గిన్నె పెట్టు, పావుగంట చూడు, తీసెయ్. నాటకాలాడితే నేను అంతే చేసేదాన్ని. ఆ స్వెటర్ ఉతికెయ్. సబ్బు పెట్టి గట్టిగా ఉతుకు. అది కుక్కల పరుపు కాదు, ఉన్ని స్వెటర్.

క్లైవ్‌ని వాడితో రోజూ ఒక గంట నడవమను. నువ్వు వద్దు, క్లైవే. మగవాళ్లు ఒకరినొకరు భరించడం నేర్చుకోవాలి.

తొందరపడి రావద్దు. ఇక్కడ వానలు. నాలుగేళ్లు బేరాలాడి కొన్న బండి, తీరా కొన్నాక వాకిట్లో ఉంచి తుడుచుకున్నారు. ఇప్పుడైనా తిరగండి.

నీ అక్క,
థెల్మా


బ్రిటనీ తీరం
సెప్టెంబర్ 25

ప్రియమైన అక్కకి,

ఇది చదివి కంగారు పడకు. కర్నల్ క్షేమం.

నువ్వు చెప్పావని స్వెటర్ ఉతికాను. ఆరేసిన తాడు కింద వాడు సగం రోజు నిలబడ్డాడు. తీసి ఇస్తే వాసన చూసి, నా మొహం చూశాడు. అక్కా, నా జన్మలో నన్నెవరూ అలా చూడలేదు. మర్నాడు పొద్దున నేను పాలకోసం తలుపు తీయగానే సందులోంచి జారిపోయాడు.

గంటల తరబడి వెతికాం. క్లైవ్ పైజామాతోనే సైకిలెక్కాడు. చివరికి మేం బండి ఆపుకున్న ఈ శిబిరం నడిపే ఆవిడ నా చేయి పట్టుకుని లాక్కెళ్లి చూపించింది. గేటు దగ్గర ఇంగ్లండ్ నుంచి వచ్చిన నీలం కారు ఒకటి ఆగి ఉంది, నీ పాత కారు లాంటిదే. వాడు దాని తలుపు దగ్గర బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. ఆ కారు వాళ్లు బయల్దేరాలి, పాపం, వాడిని తొక్కుతామని కదలకుండా ఉన్నారు. ఎత్తుకుంటే రాలేదు. క్లైవ్ వాడిని చక్రాలకి కాస్త దూరంగా జరిపి, ఆ గులకరాళ్ల మీద వాడి పక్కనే కూర్చుండిపోయాడు. కారు వెళ్లిపోయాక కూడా చాలాసేపు ఇద్దరూ అక్కడే ఉన్నారు.

నాకు చేతకాదక్కా. నీకు మాటిచ్చాను గానీ, ఇది వాడిని హింస పెట్టడమే. నీ జవాబు అందగానే వెనక్కి వచ్చేస్తాం. నీకు నయమయ్యేదాకా మా ఇంట్లోనే ఉంచుకుని, రోజూ నీ దగ్గరికి తీసుకొస్తాను.

ప్రేమతో,
ఏవ్రిల్


ఫైలీ
అక్టోబర్ 1

ప్రియమైన ఏవ్రిల్‌కి,

వెనక్కి రావద్దు. మర్యాదగా చెబుతున్నాను, తరవాత మర్యాద ఉండదు.

ఇక్కడికి కుక్కల్ని రానివ్వరు. నీకేమో ఇంట్లో మీగడరంగు తివాచీ. వాడు రోజూ వచ్చి నన్ను చూసి వెళ్లిపోతే, ఆ వెళ్లిపోవడమే వాడికి రోజూ మిగులుతుంది. దక్షిణానికి వెళ్లండి. ఎండ ఉన్నచోటికి వెళ్లండి. నీలం కార్లు లేని చోటు చూసుకోండి.

క్లైవ్ రాళ్ల మీద కూర్చున్నాడని రాశావు. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. క్లైవ్ చేయి కర్నల్ మీద ఉందా? చెవి వెనక గోకాడా, లేక ఊరికే కూర్చున్నాడా? ఇలాంటివి రాయి. ఆ శిబిరం ఆవిడ గురించి నాకెందుకు?

నా సంగతి అంటావా, బాగున్నాను. ఇప్పుడు కూడా కిటికీ పక్కన పొట్టి కుర్చీలో, చిన్నప్పటిలా కాళ్లు మడిచి ఒంటి కింద పెట్టుకుని, ఒళ్లో పుస్తకం మీద ఈ కాగితం పెట్టి రాస్తున్నాను. చేతిరాత వంకరపోతే దానికి కుర్చీదే తప్పు.

ఒకమాట. నేను కోలుకోవడానికి చాలాకాలం పట్టిందనుకో, వాడు నీకు భారమవుతాడా? నిజం రాయి.

నీ అక్క,
థెల్మా


లాండ్ ప్రాంతం, ఫ్రాన్స్ దక్షిణం
అక్టోబర్ 14

ప్రియమైన అక్కకి,

నువ్వడిగినవన్నీ రాస్తాను. ఆ తరవాత నేనడిగేదానికి నువ్వు జవాబు చెప్పాలి.

క్లైవ్ చేయి వాడి మీదే ఉంది. చెవి వెనక గోకాడు. ఇక్కడికొచ్చిన మూడోరోజు వాడు క్లైవ్ పళ్లెంలోంచి సాసేజ్ దొంగిలించాడు. దొంగని తిట్టాల్సింది పోయి క్లైవ్ కళ్లు తుడుచుకున్నాడు. ఇప్పుడు గిన్నె ఖాళీ చేస్తున్నాడు. రాత్రి మా ఇద్దరి మధ్య అడ్డంగా పడుకుంటాడు, నాకు మంచంలో జానెడు చోటు మిగులుతోంది. ఇసుకలో తవ్వుతాడు, అలల్ని తిడతాడు. వెనక కిటికీ దగ్గర కూర్చోవడం మానేశాడు. ఇప్పుడు ముందు సీట్లో, నా ఒళ్లో. భారమా అని అడిగావు. పదకొండు కిలోలు. అంతకు మించి ఏమీ లేదు.

నీ ఉత్తరం క్లైవ్‌కి చదివి వినిపించాను. కాళ్లు మడిచి పొట్టి కుర్చీలో కూర్చున్నావన్న చోట ఆపమన్నాడు. మళ్లీ చదవమన్నాడు. రెండేళ్ల కిందట అతనికీ అదే ఆపరేషన్ అయింది కదా. కాళ్లు మడవకూడదు, పొట్టి కుర్చీ ముట్టకూడదు అని మరుగుదొడ్డి మీద కూడా ఎత్తుపీట వేయించారు. క్లైవ్ కళ్లద్దాలు తీసి ఇలా అన్నాడు: "మీ అక్కకి తుంటి ఆపరేషన్ కాలేదు. మరి ఆవిడ ఆ గదిలో ఏం చేస్తోంది?"

వానలో బయటికి నడిచి నీకు ఫోన్ చేశాను. చెవి మిషన్ ఈల ఏమీ వెయ్యలేదు. నా గొంతు విని "ఉత్తరంలో రాస్తాను" అని పెట్టేశావు. నీ గొంతు నీ గొంతులా లేదక్కా.

రేపు బయల్దేరుతున్నాం. కర్నల్‌ని నీ దగ్గరికి తీసుకొస్తున్నాను. దారిలో, ఇంగ్లండ్‌కి దాటే కలే ఊరి దగ్గర శిబిరంలో ఆగుతాం, అడ్రసు వెనకవైపు రాశాను. అక్కడికి రాయి. నిజం రాయి.

ఏవ్రిల్


ఫైలీ
అక్టోబర్ 19

ప్రియమైన చెల్లీ,

క్లైవ్ పోలీసుల్లో చేరాల్సినవాడు. గ్యాస్ కంపెనీలో వృథా అయిపోయాడు.

తుంటికేమీ కాలేదు. క్లోమంలో కాన్సర్. వేసవి మొదట్లోనే చెప్పారు, కోయడానికి వీల్లేదన్నారు. ఇది విశ్రాంతి గృహమే, కాకపోతే ఇక్కడికొచ్చిన వాళ్లు తిరిగి ఇంటికి వెళ్లరు. క్రిస్మస్ దాకా ఉంటానని ఎవరూ ధైర్యంగా చెప్పడం లేదు. నీ దగ్గర దాచినందుకు తిట్టు, వింటాను. వాడి సంగతి ముందు విను.

నేను పోయాక వాడిని ఎవరో ఒకరు నా ఇంట్లోంచి లాక్కెళ్లాలి. నా మంచం కింద పడుకుని రానంటాడు. ఏడుస్తున్న ఇంట్లోంచి వాడు కొత్త ఇంటికి పోకూడదనుకున్నాను. నిన్ను సూటిగా అడిగితే తివాచీ అంటావు, క్లైవ్ అంటావు. అందుకే విదేశం అన్నాను. కొత్త దారులు, కొత్త వాసనలు, తప్పించుకోవడానికి వీల్లేనంత చిన్న బండిలో మీరు ముగ్గురూ. ఇంట్లో ఏడాది పట్టేది ఆ బండిలో నెలలో అయిపోతుందని లెక్కేశాను. బయల్దేరేముందు కాగితాల్లో యజమానిగా నీ పేరు రాయించాను. ప్రయాణానికి అది రూలు అని చెప్పాను. నిజానికి నా సంతకంతో ఒక చీటీ ఉంటే చాలు, రూలన్నది అబద్ధం.

ఇప్పుడు అసలు మాట. నువ్వు రా. ఇది చదవగానే రా. వాడిని తీసుకురావద్దు. వాడు నన్ను ఒకసారి పోగొట్టుకున్నాడు. ఆ నీలం కారు దగ్గర ఎలా కూర్చున్నాడో నువ్వే రాశావు. నాకు పది నిమిషాల సంతోషం కోసం వాడు మళ్లీ మొదటినుంచీ అదంతా పడాలా? వద్దు.

నాకు వాడు కావాలి ఏవ్రిల్. ఎంత కావాలో రాస్తే ఈ కాగితం పాడవుతుంది. అందుకే వద్దంటున్నాను.

నీ అక్క,
థెల్మా


కలే, ఫ్రాన్స్ ఉత్తర తీరం
అక్టోబర్ 24

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ప్రియమైన అని రాయబుద్ధి కావడం లేదు, అయినా అనుకో.

నాకు నాలుగేళ్లప్పటినుంచీ నా బదులు నువ్వే నిర్ణయిస్తున్నావు. నా జడ, నా బడి, నేను క్లైవ్‌ని చేసుకోవాలని. ఇప్పుడు నా దుఃఖం ఎప్పుడు మొదలవ్వాలో కూడా నువ్వే తేల్చేశావు. వేసవి నుంచీ నీ పక్కన ఉండాల్సిన నన్ను ఇసుకలో ఆడుకోమని పంపావు. అది నేను క్షమించలేదు. వచ్చాక ఎదురుగా చెబుతాను.

మేం వెంటనే దాటడానికి లేదు. ఇంగ్లండ్‌లోకి కుక్క రావాలంటే ఇక్కడి డాక్టరు చేతిమీదుగా బద్దెపురుగుల మాత్ర మింగాలి, మింగాక పూర్తిగా ఒకరోజు ఆగాలి. కర్నల్ మొదటి మాత్ర డాక్టరమ్మ బూటు మీద ఉమ్మాడు. రెండోది ఆవిడ గొంతులోకి తోసి నోరు పట్టుకుంది. అలా ఈ ఒకరోజు ఇక్కడ చిక్కుకున్నాం. వాన ఆగితే అవతల మన ఒడ్డు తెల్లగా కనిపిస్తోంది. అంత దగ్గర.

"నువ్వొక్కదానివే రైలెక్కు, నేనూ వీడూ తరవాత వస్తాం" అన్నాడు క్లైవ్. ఈ ఇద్దర్నీ వదిలి వెళ్లడం నావల్ల కాలేదు. నీ ఉత్తరం ఇచ్చాను, రెండుసార్లు చదివాడు. "మీ అక్క చెప్పింది నిజమే" అన్నాడు. కాగితం మడిచి నా చేతికిస్తూ, "కానీ ఆవిడకి కూడా ఏదో ఒకటి దక్కాలి కదా" అన్నాడు.

కాబట్టి విను. ఇది కొరియర్‌లో పంపుతున్నాను, రేపటికి నీ చేతిలో ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం టీ వేళకి నీ కిటికీ కింద బండి ఆపుతాను. వాడిని ఆ కార్ల మధ్య నడిపిస్తాను. నువ్వు అద్దం వెనకే ఉండు. వాడికి తెలియదు, నువ్వు చూస్తావు. తరవాత క్లైవ్ వాడిని తీసుకెళ్తాడు, నేను పైకి వస్తాను. ఇది నిన్ను అడగడం కాదు, చెప్పడం.

నీ ఏవ్రిల్


ఫైలీ
అక్టోబర్ 28

ప్రియమైన ఏవ్రిల్‌కి,

ఆదివారం నువ్వు పైకి వచ్చి నా చేయి పట్టుకుని కూర్చున్నంతసేపూ నేనేమీ మాట్లాడలేదు. అలసిపోయిందనుకున్నావు. అలసట కాదు. నోటితో చెప్పలేనిది ఒకటుంది. ఇది నర్సు చేత పోస్టు చేయిస్తున్నాను, చదివాక దీని గురించి నాతో మాట్లాడకు.

మీ బండి మలుపు తిరిగినప్పుడే చూశాను. వాడు దిగాడు. కొంచెం ఒళ్లు చేశాడు. మెడకి కొత్త ఎర్రపట్టీ. పెద్ద డాక్టరు కారు చక్రం వెతుక్కుని మరీ కాలెత్తాడు, నవ్వాను. అంతవరకూ నువ్వు చెప్పిన మాట మీదే ఉన్నాను.

తరవాత మోసం చేశాను. గాలాడటం లేదని చెప్పి నర్సు చేత కిటికీ తెరిపించాను. ఆ పిల్ల అటు తిరగగానే వాడిని పిలిచాను.

అన్ని పేజీలు రాసి నీకు వద్దని చెప్పిందాన్ని, నేనే పిలిచాను. గొంతు రాలేదు. రెండోసారి వచ్చింది. వాడికి వినిపించింది. అది నాకు తెలుసు, ఎడమ చెవి లేచింది. నడక ఆపాడు. తల ఎత్తాడు. పైకి చూస్తాడు, కిటికీ పసిగడతాడు, ఇక ఆ తాడు తెంచుకుని మెట్లెక్కి వచ్చేస్తాడు అనుకున్నాను. ఏం పాపం చేశాను దేవుడా అనుకుంటూనే, రావాలని కోరుకున్నాను.

వాడు నీ మొహంలోకి చూశాడు. ఎవరో పిలుస్తున్నారు, ఎవరని నిన్నడిగాడు. నువ్వేదో అన్నావు, నాకు వినపడలేదు. వాడికి అది చాలింది. నీ కాలి పక్కనే నడిచి బండెక్కాడు.

నేను వేసవంతా కష్టపడింది దీనికోసమే. అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. ఇంత నొప్పి పెడుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం నువ్వు వెళ్లిపోయాక చాలాసేపు ఏడ్చాను. నర్సు నొప్పి మందు పెంచింది, పెంచనిచ్చాను.

పశ్చాత్తాపం ఏమీ లేదు. వాడు నీవాడయ్యాడు. రాత్రి ఆ సంగతి నాకు నేనే చెప్పుకుంటూ పడుకుంటే నిద్ర పట్టింది.

ఇది అందాక మామూలుగా రా. ఇక్కడి టీ నీళ్లలా ఉంటుంది, ఫ్లాస్కులో మంచిది పట్టుకురా. క్లైవ్‌ని బండిలోనే ఉండమను. కర్నల్‌ని ఒంటరిగా వదలొద్దు.

నీ అక్క,
థెల్మా