కువైట్ నుంచి హైదరాబాద్: నాలుగు గంటల నలభై నిమిషాలు

జులై 2
అమ్మ కువైట్‌లో తను పనిచేసే సేటు ఇంట్లోంచి పారిపోయింది. ఎవరో తెలుగు అక్క ఫోన్ నుంచి వాయిస్ మెసేజ్. "ఎంబసీ కాడ ఉండాను పాపా. నాయనకు చెప్పొద్దు. ఆయన పొయ్యి ఏజెంటుకే చెప్తాడు. వాడు నన్ను మళ్లీ ఆ ఇంటికే పంపిస్తాడు."
మూడుసార్లు విన్నాను. డిలీట్ చేశాను.
ఇంట్లో ఉన్నది ఒక్క ఫోనే. నాయన గొర్రెలు తోలుకొని పోతే నా దగ్గరే ఉంటుంది.

జులై 3
కువైట్ టు హైదరాబాద్, డిస్టెన్స్ కొట్టి చూశాను. మూడు వేల మూడు వందల చిల్లర కిలోమీటర్లు. ఫ్లైట్ టైమ్ నాలుగు గంటల నలభై. మ్యాప్‌లో సముద్రం మీదుగా ఒకటే గీత.
అంతేనా... మార్కాపురం నుంచి హైదరాబాద్ బస్సుకే ఏడు గంటలు.

జులై 5
అమ్మను కువైట్ పంపిన ఏజెంటు వచ్చాడు. చుట్టమేం కాదు, అయినా నాయనను బావా, అమ్మను అక్కా అంటాడు.
"బావా, మా అక్క ఫోన్ చేసినాదా?"
"లేదే. ఏంది సంగతి?"
"ఏం లేదులే. కోడలు ఇంగ్లీష్ మీడియం గదా, నీకు తెలీకపోయినా దానికి తెలుస్తాది."
నాయన నవ్వాడు. వాడికి మజ్జిగ ఇచ్చాడు. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు.

జులై 6
ఇది ఎవరికీ చెప్పలేదు.
అమ్మ పోయే ముందు కువైట్ పని ఒప్పందం కాగితాలు చదివింది నేనే. అప్పుడు ఎనిమిదో క్లాసు. నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు. "చదువు పాపా, నువ్వు సరే అంటేనే సంతకం పెడతా." ఏజెంటు ఎదురుగా టీ తాగుతున్నాడు. సగం మాటలు నాకు తెలియవు. తెలియదంటే వాడు నవ్వుతాడని గడగడా చదివేశాను. "అంతా కరెక్టేనమ్మా" అన్నాను.
పాస్‌పోర్టు సేటు దగ్గరే ఉంటుందని మూడో పేజీలో ఉంది.

జులై 9
నిద్ర లేదు.

జులై 11
మళ్లీ మెసేజ్. "పాస్‌పోర్టు బదులు కాగితం ఇచ్చినారు. సోమవారం ఫ్లైట్, ఈడ పొద్దున పదికి. దిగంగానే ఎవరి ఫోన్ అయినా అడిగి నీకు చేస్తా."
పది, ప్లస్ నాలుగు నలభై, ప్లస్ టైమ్ తేడా రెండున్నర. సాయంత్రం ఐదూ పది. ఆరుసార్లు కూడి చూసుకున్నాను.
ఎదురు ఎవరు పోవాలి?

జులై 13
నాయనకు చెప్పేశాను. కాగితాల సంగతి కూడా.
కొడతాడనుకున్నాను. లేచి గొర్రెల దొడ్డి తలుపు తాడు బిగించాడు. "చిన్నపిల్లను అడిగింది మేము గదమ్మా" అన్నాడు. ఇంకాసేపటికి... "వాడికి మజ్జిగ పోసినాను గదే."

జులై 14
నాయన పొద్దున హైదరాబాద్ బస్సుకు వెళ్లిపోయాడు. ఫోన్ ఇస్తే తీసుకోలేదు. "మీ అమ్మ దీనికే చేస్తాది. నేను గేటు కాడ నిలబడతా. నన్ను దాటి యాడికి పోతాది?"

5.14. ఫోన్‌లో ఫ్లైట్ చూపించే యాప్‌లో ల్యాండెడ్ అని పడింది. అమ్మ ఫోన్ రాలేదు.

5.50. బయట బండి ఆగింది. ఏజెంటు.
"మీ నాయన యాడే?"
"గొర్రెలు తోలుకొని పోయినాడు మామా."
దొడ్లో గొర్రెలన్నీ ఒకటే అరుపు. పొద్దున్నుంచి మేత లేదు వాటికి. వాడు దొడ్డి వైపు చూశాడు. నా వైపు చూశాడు. మంచం వాల్చుకున్నాడు.
"రానీలే కోడలా. కూచ్చుంటా."

లోపల గడియ పెట్టుకొని రాస్తున్నాను. ఫోన్ సైలెంట్‌లో పెట్టాను. ఇప్పుడే వెలిగింది. కొత్త నంబరు, అమ్మే. గేటు కాడ నాయన ఉన్నాడని ఆమెకు తెలియదు. ఎత్తి గుసగుసలాడినా కిటికీ అవతల వాడికి వినపడుతుంది.
ఇంకా వెలుగుతూనే ఉంది...