నీ పేరు చదవని రోజు

షిమిజు రేవు,
జూన్, గురువారం

ప్రియమైన ఇనాబా,

నా చేతిరాత నీకింకా గుర్తుందో లేదో. నేను మొచిజుకిని. ఓడల కార్ఖానాలో పొద్దున రంగులు వేసి, మధ్యాహ్నం నీతో కలిసి బంతి తన్నిన మొచిజుకిని.

ఇక్కడ వారం నుంచి ముసురు. రేవు కనిపించదు, ఓడల కూతలు మాత్రం వినిపిస్తాయి. మధ్యాహ్నం వరండాలో చాప మీద నడుం వాలిస్తే రోజూ ఒకటే కల. పొగమంచులో మన మట్టి మైదానం. నేను కాగితం పట్టుకుని జట్టు పేర్లు చదువుతుంటాను. ఒక్కొక్కరూ మంచులోంచి "ఉన్నా" అని పలికి, మళ్లీ అందులోకే కలిసిపోతారు. కాగితం అయిపోతుంది. నువ్వు మాత్రం చేతితొడుగులు వేసుకుని గోలు ముందు అలాగే నిలబడి ఉంటావు. ఏమీ అడగవు. నీ ముఖంలో కోపం కూడా ఉండదు. లేచాక, ఆ వాన చప్పుడు కలలోదో బయటిదో తేల్చుకోవడానికి నాకు కాసేపు పడుతుంది.

నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెప్పాలి.

నేను మన జట్టుకు మేనేజర్నయిన మూడో ఏడు, కొత్త సంవత్సరం రోజున టోక్యోలో మనకు ఫైనల్. దానికి వారం ముందు బోర్డు మీద గీతలు గీసి ఆట వివరిస్తుంటే, నువ్వు వెనక నుంచి "మేనేజర్‌గారూ, ఈ గీతలన్నీ బంతికి కూడా చెప్పారా?" అన్నావు. కుర్రాళ్లు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే లోపల ఉడికిపోయాను. నిన్నటిదాకా నా పక్కన ఆడినవాడు నన్ను అందరి ముందూ పలుచన చేశాడనుకున్నాను. ఫైనల్ ముందురోజు నీ పేరు చదవకపోవడానికి కారణం అంతే. నీ ఆట కాదు, నీ వయసు కాదు. ఆ నవ్వు.

మన దేశంలో "ఎందుకు?" అని ఎవరూ అడగరు కదా. అడిగితే అడిగినవాడి పరువూ పోతుంది, చెప్పేవాడి పరువూ పోతుంది. నువ్వు తలవంచి నమస్కరించి, నీ బదులు ఆడబోయేవాడికి తొడుగులు బిగించావు. మర్నాడు మీ ఆవిడ హరుయో పండుగ వంటల డబ్బాలు మూటగట్టుకుని రానే వచ్చింది. తియ్యటి నల్ల చిక్కుడు గింజలు నా పళ్లెంలో వేస్తూ, "తినండి మేనేజర్‌గారూ, గెలవాలంటే ఓపిక కావాలిగా" అంది. తలెత్తకుండా తిన్నాను.

పైగా గెలిచాం. గెలిచిన మేనేజర్ని తప్పుపట్టేదెవరు? పాత స్నేహాన్ని కూడా పక్కనపెట్టిన నిష్పక్షపాతి అని పత్రికలు రాశాయి. ఆ మాట పట్టుకునే పెద్ద జట్లు పిలిచాయి, ఆ తర్వాత ఫుట్‌బాల్ సమాఖ్యలో కుర్చీ వచ్చింది. ఇప్పుడు అధ్యక్షుడిగా ఉండమంటున్నారు. "పక్షపాతమంటే ఏమిటో తెలియని మనిషి మీరు" అని మొన్న ఇంటికొచ్చి మరీ అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. వద్దని చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఒంట్లో బాగాలేదంటే ఇంకెవరూ ఏమీ అడగరు. సోమవారం చెప్పేస్తాను. అంతకుముందే నీకు నిజం తెలియాలనిపించింది. క్షమించమని ఏ ముఖం పెట్టుకుని అడగను?

నీ
మొచిజుకి సుసుము


కవానె కొండలు,
శనివారం

ఒరేయ్ మొచిజుకీ,

నీ ఉత్తరం పొద్దున్నే వచ్చింది. తేయాకు తోటలోనే నిలబడి చదివాను. మంచు ఇంకా విడలేదు, నాలుగడుగుల అవతల మొక్కలు కనిపించడం లేదు. చదివాక చాలాసేపు నా చేతులు చూసుకుంటూ ఉండిపోయాను.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. ఆ రోజు నా పేరు వినపడకపోయేసరికి, నా చేతుల పని అయిపోయిందనుకున్నాను. నా ఆట నీకంటే తెలిసినవాడు లేడు కదా. నువ్వే తీసేశావంటే, నాకు కనపడని లోపమేదో నీకు కనపడిందనుకున్నాను. ఆ వసంతంలోనే ఆట మానేసి ఈ కొండెక్కాను. వేరే జట్టు పిలిచినా వెళ్లలేదు. ఈ ముప్పై ఏళ్లూ హరుయో టీ గిన్నె అందిస్తే, జారిపోతుందేమోనని రెండు చేతులతో పట్టుకున్నాను. అది మర్యాద అనుకుని ఆవిడ మురిసిపోయేది.

ఇప్పుడు చెబుతున్నావా వెధవా, నా చేతులు బాగానే ఉండేవని!

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ మంచులోనే కూర్చుని ఏడ్చాను. హరుయో వచ్చి ఉత్తరం లాక్కుని చదివి, "ఆ చిక్కుడు గింజల్లో గుప్పెడు ఉప్పు పోయాల్సింది" అంది.

నిన్ను నేను క్షమించలేదు. అది తొందరగా అయ్యే పని కాదు. కానీ ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పుకుంటానంటావేమిటి? మళ్లీ అసలు కారణం మింగేయడమేగా! సోమవారం వెళ్లు. నాకు రాసిందంతా వాళ్లకు చదివి వినిపించు. విన్నాక కూడా కుర్చీ ఇస్తే తీసుకో. ఇవ్వకపోతే ఇక్కడికి రా, ఆకు కోతకు మనుషులు చాలడం లేదు.

ఇంకో మాట. మా మనవరాలు కొనత్సు కూడా గోల్‌కీపరే. పదహారేళ్లు. వచ్చే నెల మీ సమాఖ్యవాళ్లు పెట్టే అమ్మాయిల జట్టు ఎంపికకు వస్తోంది. నా మనవరాలని చెప్పి దాన్ని తీసుకోకు. పనికిరాదనిపిస్తే నిక్షేపంగా తీసెయ్. కానీ ఎందుకు తీసేశావో దాని ముఖం చూసి చెప్పు. అది అడగదు. మా ఇంటి పిల్ల కదా.

గోల్‌కీపర్
ఇనాబా యోషికి