బెరడు తోలు చేతితొడుగులు

సాంతా క్రోచే నుంచి, 1957 నవంబరు 9

చిరంజీవి దూయిలియోకు, ఇక్కడ అమ్మా నేనూ కులాసా.

మీ కార్ఖానాలో లోహం కరిగించే పోత కొలిమి దగ్గర ఆవిరి ఎగజిమ్మి, తొడుగు ముడుచుకుపోయి నీ వేళ్లను పట్టేసిందని కోడలు ఫ్లోరా రాసింది. ఆ తొడుగులు నేను చెట్టు బెరడుతో పదును చేసిన తోలుతో కుట్టినవే. నా తోలు అలా చేయదని మూడు రోజులు అమ్మతో వాదించాను. నిన్న ఆ తోలు ముక్క ఒకటి పట్టుకుని ఎదురు షెడ్డు ఇలారియో దగ్గరికి వెళ్లాను. ఇరవై ఏళ్లుగా, క్రోమ్ లవణాలతో పదును చేసిన అతని నీలి రంగు తోలును నీలి గుడ్డ అని వెక్కిరించినవాణ్ణి. అతను తన ముక్కనూ నా ముక్కనూ మరిగే నీళ్లలో వేశాడు. అతనిది చెక్కుచెదరలేదు. నాది చూస్తుండగానే సగానికి ముడుచుకుని కర్రలా బిగిసింది.

“బెరడుతో పదును చేసిన తోలు ఇంత వేడికి ఆగదు ఓర్సో. జీనులకు నీ తోలును మించింది లేదయ్యా. కొలిమి దగ్గరికి మాత్రం పంపకు,” అన్నాడు. వెక్కిరిస్తాడనుకున్నాను, వెక్కిరించలేదు.

అతని తోలుతోనే కొత్త జత కుట్టి పంపుతున్నాను. పాతవి ఎవరికీ ఇవ్వకుండా పారెయ్యి. చిటికెన వేలు వంగుతోందా? డాక్టరు ఏమన్నాడు? పాపకు దగ్గు తగ్గిందా?

తొడుగు సంగతి నాకు రాయొద్దని ఫ్లోరాను బతిమాలావట. రాసినందుకు ఆమెను కోప్పడకు. మీ ముగ్గురికీ, నీ కుడి చేతికీ నా దీవెనలు.

నాన్న